మా మరదలికి నేను చెప్పిన ఇంగ్లీషు

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. పిల్లలు నా వెనక నాకు పెట్టిన పేరు 'ఐఎన్‌జీ సారు'. ఆ పేరు నాకు తెలుసని వాళ్లకి తెలియదు. తెలిసినా నాకు కోపం రాలేదు. పైగా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. బోరింగ్ ఎక్కడ అనాలి, బోర్డ్ ఎక్కడ అనాలి, టైరింగ్ ఏది, టైర్డ్ ఎవరు అనే పాఠం నెల్లూరు జిల్లాలో నాకన్నా బాగా చెప్పేవాడు లేడని నా నమ్మకం. ఇంకెవరూ అలా అనలేదు, నేనే అనుకున్నాను.

ఆ పాఠం మీద నాకంత పట్టు ఎందుకో చెప్పాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు మా బడికి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చాడు. ఉద్యోగం ఎలా ఉందయ్యా అని అడిగితే, చేతులు కట్టుకుని, "ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ టీచింగ్ సార్" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ఆ మాట పిల్లలు చెప్పాలి లేవయ్యా" అన్నాడు. స్టాఫ్ రూములో పడీ పడీ నవ్వారు. నెల రోజుల పాటు నేను గదిలోకి రాగానే ఎవరో ఒకరు "ఇంట్రెస్టింగ్ వచ్చాడు" అనేవాళ్లు. పరువు పోయిన చోటే సంపాదించుకోవాలనే మొండితనం నాది. ఆసక్తి పుట్టించేది ఐఎన్‌జీ, ఆసక్తి పుట్టినవాడు ఈడీ అని ఆ రోజు నుంచి ఏ ఊరు బదిలీ అయినా, ఏ క్లాసు ఇచ్చినా, పిల్లల చేత చిలక పలుకుల్లా పలికించాను.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. ఒక పాఠం నూటికి నూరుపాళ్లు వచ్చేదాకా రెండోది మొదలుపెట్టను. గోడ సరిగా లేవకుండా పైకప్పు వేస్తామా అని అడిగేవాడిని. బడిలో గంట కొట్టేవాళ్లు, సిలబస్ అయిందా అని హెడ్మాస్టరు నిలదీసేవాడు, కాబట్టి పిల్లలు బతికిపోయారు. రిటైరయ్యాక నాకు గంట కొట్టేవాళ్లు లేరు. సరిగ్గా అప్పుడు దొరికింది మా మరదలు.

మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. మేం ఇందుకూరుపేటలో ఉంటాం, ఆమె మైపాడు దారిలో ఒక పల్లెలో ఉంటుంది. భర్త రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. ఆమె ఆ ఊరి అంగన్‌వాడీలో ఆయా. పొద్దున్నే గడపగడపకీ తిరిగి పిల్లల్ని పోగుచేసుకొచ్చేది ఆమే, ఊడ్చేది ఆమే, అన్నం పప్పు వండేది ఆమే, గుడ్లు ఉడకబెట్టేది ఆమే, ముక్కులు తుడిచేదీ నిద్రపుచ్చేదీ ఆమే. టీచరుకి మీటింగులెక్కువ. టీచరు లేని రోజున పాటలూ కథలూ కూడా మా మరదలివే. ఊళ్లో పిల్లలు సగం మంది ఆమెనే టీచర్ అనుకునేవాళ్లు. కానీ రిజిస్టరు ముందు వేసిన కుర్చీ ఆమెది కాదు. తొమ్మిదో తరగతిలో చదువు మానేసిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడానికి వీల్లేదు.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం, సంచిలో ఎండు నెత్తళ్లు వేసుకుని, ఆటో దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. అక్కని కూడా పలకరించలేదు.

"బావా, మా టీచరమ్మ వచ్చే ఎండాకాలం రిటైరయిపోతాంది. ఆయాల్లో టెన్త్ పాసయినోళ్లుంటే ముందు వాళ్లకే ఇస్తారంట. నాకు ఈ ఏడు దాటిందంటే వయసు మించిపోద్ది. ఓపెన్ టెన్త్‌కి ఫీజు కట్టేసినా" అంది.

"కట్టేసి వచ్చి చెప్తున్నావా?"

"ముందే చెప్పుంటే నువ్వు నవ్వుతావు గదా. కట్టినాక నవ్వినా ఏం కాదు. మిగతాయి నేనే కిందామీదా పడి చదువుకుంటా. ఇంగ్లీషే నాకు భయం. ఇంట్లో ఇంత సారుని పెట్టుకుని భయమెందుకనుకున్నా."

నేను పొంగిపోయాను. అబద్ధమెందుకు, ఆమె పాసవుతుందన్న సంతోషం కన్నా నాకు మళ్లీ ఒక విద్యార్థి దొరికిందన్న సంతోషమే ఎక్కువ. పరీక్షకి రెండు నెలల పైచిలుకు టైముంది. అంగన్‌వాడీ సెంటరు మూసేసి, నాలుగున్నరకల్లా షేర్ ఆటోలో వచ్చేది. వసారాలో పాత బ్లాక్‌బోర్డు ఆనించి, ఆమెని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చెప్పేవాడిని. మూడు వారాల్లో వర్తమానం, భూతం, భవిష్యత్తు అన్నీ నా నియమం ప్రకారం నూటికి నూరు వచ్చాయి. ఆమె చురుకైన మనిషి. ఈ మాట నేను అప్పుడు ఒక్కసారి కూడా ఆమెతో అనలేదు.

నాలుగో వారం నా ముద్దుల పాఠం మొదలుపెట్టాను. మొదటి రోజు ఎంత బాగా జరిగిందో! మరుగుతున్న నీళ్లు బాయిలింగ్ వాటర్, ఉడికిన గుడ్డు బాయిల్డ్ ఎగ్ అన్నాను. ఆమె ఠక్కున అందుకుంది.

"ఓస్, ఇంతేనా! పొంగే పాలు, పొంగిన పాలు. కాలే పెనం, కాలిన చెయ్యి. మనకీ ఉండాయి గదా బావా రెండు రకాలు."

నాకు అంత చక్కగా ఏ పదో తరగతి పిల్లవాడూ చెప్పలేదు. కానీ మర్నాడు బోరింగ్, బోర్డ్ దగ్గరికి రాగానే బండి దిగబడింది. సినిమా బోరింగ్, చూసేవాడు బోర్డ్ అన్నాను. ముందు పగలబడి నవ్వింది. "మా వీధిలో చేత్తో కొట్టుకునే బోరింగు ఉండాది. అది కూడా విసుగే, నీళ్లు రావు" అంది. నేను నవ్వలేదు. పాఠం మధ్యలో వేళాకోళం నాకు పడదు.

చిక్కు ఎక్కడుందో నాకు ఇప్పుడు తెలుసు. మన భాషలో విసుగు నాకు పుడుతుంది, కోపం నాకు వస్తుంది, భయం నాకు వేస్తుంది. అవన్నీ బయటినుంచి వచ్చి మన దగ్గర కాసేపు కూర్చుని పోతాయి. ఇంగ్లీషులో మనిషే విసిగినవాడు, మనిషే అలిసినవాడు. ఎవరు పుట్టించారు, ఎవరికి పుట్టింది అని ప్రతిసారీ పంచాయితీ పెట్టి తేల్చాలి. ఆమె ఆ పంచాయితీకి ఒప్పుకునేది కాదు.

"చంటిపిల్లోడు పొద్దస్తమానం ఏడుస్తా ఉంటే వాడు టైరింగా, టైర్డా?" అని అడిగింది ఒకరోజు.

"నిన్ను అలసగొడుతున్నాడు కాబట్టి టైరింగ్."

"వాడూ అలిసిపోయుంటాడు గదా బావా. అలిసిపోయినందుకే గదా ఏడ్చేది. నేనూ వాణ్ణి విసిగించుంటాను. అప్పుడు ఇద్దరం రెండూనా?"

సరైన ప్రశ్న. ఆ రోజు నేను కుర్చీలోంచి లేచి ఆమెని మెచ్చుకోవాల్సింది. మెచ్చుకుని, సరేలెమ్మని పక్కన పెట్టి, తర్వాతి పాఠానికి వెళ్లాల్సింది. పరీక్షలో దీని మీద వచ్చేది మహా అయితే రెండు మార్కుల ప్రశ్న. నేను మాత్రం ఖాళీలు పూరించమని వంద వాక్యాలు రాసిచ్చాను. డెబ్బై ఆరు సరిగా చేసింది. నాకు నూరు కావాలి. మళ్లీ ఇంకో వంద రాశాను.

ఐదో వారం కూడా అదే, ఆరో వారం కూడా అదే. ఆమె పొద్దంతా పిల్లలతో వేగి, ఆటోలో ఊగి, వసారాలో కూర్చుని, ఎక్సైటింగ్ ఎక్సైటెడ్, షాకింగ్ షాక్డ్ అని రాసేది. మా ఆవిడ టీ తెచ్చి పెట్టి ఒకసారి బోర్డు వంక చూసి, ఇంకోసారి నా వంక చూసి వెళ్లేది. ఒకరోజు ఆగలేకపోయింది.

"ఏమండీ, పరీక్షలో ఉత్తరం రాయమంటారంట, ఏదో పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారంట. అవెప్పుడు చెప్తారు?"

"నువ్వు వంట చూసుకో. నేను నీ కూర సంగతి అడుగుతున్నానా?" అన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. నా పాఠం సంగతి మళ్లీ ఎత్తలేదు.

పరీక్ష ఇంకా పదిహేను రోజులుందనగా అన్నాను ఆ మాట. ఆమె అప్పటికి ఎనభై తొమ్మిది దాకా వచ్చింది. ఆ రోజు మళ్లీ కిందికి జారి, ఎంబరాసింగ్ రాయాల్సిన చోట ఎంబరాస్డ్ రాసింది. నాకు తిక్క లేచింది. సుద్దముక్క విసిరికొట్టి, "గుడ్లు ఉడకబెట్టే బుర్రకి ఇంతకన్నా ఏం ఎక్కుతుందిలే" అన్నాను.

ఆమె లేచింది. కింద పడిన సుద్దముక్క తీసి బోర్డు అంచు మీద పెట్టింది. పుస్తకం సంచిలో పెట్టుకుని, అక్కకి చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు రాదనుకున్నాను. నాలుగున్నరకి వచ్చింది. కుర్చీ తనే వేసుకుని కూర్చుంది. నేను తప్పయిందని అనలేదు. ఆ మాట నా నోట్లోనే ఉంది, నా స్థాయి అడ్డమొచ్చింది. మరదలితో, అందులోనూ విద్యార్థితో, సారు తప్పయిందనడమేమిటి అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ వారంలోనే ఆమె భయంభయంగా అడిగింది. "బావా, ఉత్తరానికి పది మార్కులంట. ఒక్క పూట అది చెప్పరాదా?"

"ముందు ఇది రానీ. పునాది లేకుండా ఉత్తరాలేం రాస్తావు?"

"అట్నేలే" అంది.

పరీక్షకి ముందు ఆదివారం, ప్రార్థన అయ్యాక ఆమె హాల్ టికెట్టు, కొత్త పెన్ను బల్ల మీద పెట్టింది. మా చర్చిలో పరీక్ష రాసే పిల్లలందరూ అలాగే పెడతారు. చుట్టూ పదిహేనేళ్ల పిల్లలు, మధ్యలో తలమీద ముసుగు వేసుకుని మా మరదలు. పాస్టరుగారు అందరి మీదా చేతులు చాపి ప్రార్థన చేశారు. నేను వెనక వరుసలో కూర్చుని, దేవుడా, ఆ ఖాళీలు పూరించే ప్రశ్న తప్పకుండా రావాలి అని కోరుకున్నాను. దేవుడు నా మాట విన్నాడు. ఆ ప్రశ్న వచ్చింది.

పరీక్ష అయిన రోజు ప్రశ్నపత్రం తెచ్చి నా చేతికిచ్చింది. నేను మొదట చూసింది ఆ ప్రశ్ననే. నాలుగు ఖాళీలు. నాలుగూ సరిగ్గా రాసింది. "చూశావా!" అని తొడ మీద చరుచుకున్నాను. ఆమె నవ్వింది. తర్వాత పేజీ తిప్పాను. అక్కడ ఉత్తరం. మూడు రోజులు సెలవు కావాలని పై అధికారికి రాయాలి. ఆమె నిజ జీవితంలో తెలుగులో ఎన్నోసార్లు రాసిన ఉత్తరమే.

"ఇదేం రాశావు?"

"డియర్ సార్ అని రాసినా. ఆ తర్వాత ఎట్టా మొదలుపెట్టాలో తెలీలా. వదిలేసినా."

ఇంగ్లీషు నాలుగు మార్కుల తేడాతో పోయింది. మిగతా సబ్జెక్టులన్నీ, ఎవరూ చెప్పకుండా తనే చదువుకున్నవన్నీ, పాసైంది. నేను చెప్పిన ఒక్కటే పోయింది.

ఫలితాలొచ్చిన తర్వాతి ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే పాస్టరమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, ఇంట్లో సారుండి కూడా ఇంగ్లీషే పోయిందా?" అన్నారు. చుట్టూ నలుగురున్నారు. మా మరదలు వెంటనే, "బావ శానా కష్టపడ్డాడమ్మా. రోజూ కూర్చోబెట్టి చెప్పినాడు. నా మొద్దు బుర్రకే ఎక్కలా" అంది. అందరూ నా వంక జాలిగా చూశారు. ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. లేదమ్మా, తప్పు నాది, పరీక్షకి కావల్సింది నేను చెప్పలేదు అని. నేనేం చేశానంటే, తల ఊపాను. అవునన్నట్టు, ఏం చేస్తాం అన్నట్టు తల ఊపాను. మా ఆవిడ నన్ను చూసింది. 

మళ్లీ పరీక్ష కొన్ని నెలల తర్వాత ఉంది. ఈసారి నేనే వెళ్లి, ఆమె ఇంట్లో చాప మీద కూర్చుని, ఉత్తరం నేర్పాను. ఎన్ని రోజులు పట్టిందో చెప్పనా? రెండు సాయంత్రాలు. రెండోరోజు చూడకుండా సెలవు ఉత్తరం, ఫిర్యాదు ఉత్తరం రెండూ రాసి, "ఇంతేనా బావా?" అని అడిగింది.  ఆ పరీక్ష పాసైంది, మంచి మార్కులతోనే. కానీ ఈలోపు పోస్టుకి దరఖాస్తుల గడువు అయిపోయింది, వయసు కూడా మించిపోయింది. వేరే ఊరినుంచి డిగ్రీ చదివిన ఒకమ్మాయి టీచరుగా వచ్చింది. మా మరదలి టెన్త్ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీర మడతలో ఉందని మా ఆవిడ చెప్పింది.

ఈ మధ్య ఒక పొద్దున ఆ ఊళ్లో పనుండి, వస్తూ వస్తూ సెంటరు దగ్గర ఆగాను. ఆ అమ్మాయి మంచిపిల్ల. నిలబడి నమస్కారం పెట్టి కుర్చీ వేసింది. పిల్లల చేత పాట పాడిస్తూ మధ్యలో మర్చిపోయి, "ఆయమ్మా, ఆ తర్వాతేంది?" అని వంటగదిలోకి కేకేసింది. లోపలినుంచి మా మరదలు గరిటె తిప్పుతూనే పాట అందుకుంది. పిల్లలందరూ అమ్మాయిని వదిలేసి వంటగది గుమ్మం వైపు తిరిగి పాడారు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. వంట అయ్యేదాకా బయట నీడలో నిలబడ్డాను.

పిల్లలు పడుకున్నాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. నాలుగేళ్లుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఆ రోజు నేను ఉత్తరం చెప్పుంటే నువ్వు పాసయ్యేదానివి. తప్పు నాదే. చర్చి కాడ కూడా నేను నోరు తెరవలా. నీకు తెలుసో లేదో గాని..."

"తెలుసు బావా" అంది, నన్ను పూర్తి చేయనీయకుండా. "పరీక్షకి ముందే తెలుసు. ఇట్టా పోతే ఉత్తరం రాదని అప్పుడే తెలుసు."

"మరి నన్నెందుకు గట్టిగా అడగలేదు? ఇంకెవరి కాడన్నా నేర్చుకోవాల్సింది గదా?"

 రోడ్డు మీద మైపాడు ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"పక్కూరి ఆయా కూడా నాతోనే కట్టింది. నెల్లూరులో ఒక సారు వారంలో ఉత్తరాలన్నీ చెప్పేస్తాడు, నువ్వూ దామే అని పిలిచింది. పోదామని చీర కూడా మార్చుకున్నా. కానీ ఇంట్లో ఇంగ్లీషు సారుని పెట్టుకుని ఇంకోడి కాడికి పోయిందని నలుగురూ అంటే, నువ్వు తలెత్తుకోలేవు గదా. నీకు ఆ పాఠం మీద ఎంత ఇదో నాకు తెలీదా? అందుకని పోలా."

 ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"మరి ఆమె?"

"పాసయింది బావా" అంది మా మరదలు, గొంతులో నిష్ఠూరమన్నదే లేకుండా. "ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఆమే టీచరు."